పేర్లు లేని పటం

"కదలకు మామయ్యా! సూది కంట్లో దిగుతుంది."

వంటగది నేలమీద తమ్ముడు వెల్లకిలా పడి ఉన్నాడు. ఎడమ కనుబొమ మీదినుంచి చెవిదాకా చర్మం చీరుకుపోయింది. ఆసుపత్రిలో నర్సుగా ఊళ్ళోవాళ్ళందరికీ కుట్లు వేసే అక్క కూతురు, సొంత మేనమామ నుదుట సూది గుచ్చడానికి మాత్రం కింది పెదవి కొరుక్కుంటోంది. మత్తుమందు ఇంట్లో ఎక్కడిది? నోట్లో తువ్వాలు కుక్కుకుని అతను గొంతులోనే అరుస్తున్నాడు.

అక్క గిన్నెలో నీళ్ళు మారుస్తోంది. ఎన్నిసార్లు మార్చినా నీళ్ళు ఎర్రబడుతూనే ఉన్నాయి.

"చచ్చాడా, ఉన్నాడా?" ముందుగదిలోంచి కేక వినబడింది.

"ఉన్నాడు. మీరు తలపెట్టిన పని సగమే అయింది. వచ్చి పూర్తిచేసుకోండి," అంది అక్క, తల తిప్పకుండా.

ఆ కేక వేసింది ఆమె భర్తే. పొలాలకు నీళ్ళు తోడే మోటార్లు బాగుచేస్తాడు కనక అందరూ మోటారాయన అంటారు. కోపం కూడా స్విచ్చు వేసినట్టే వస్తుంది కనక ఆ పేరు ఆయనకు మరీ బాగా అతికింది. ఇవాళ ఆ కోపం వచ్చినప్పుడు చేతిలో ఇనప గొట్టం ఉంది.

పొద్దున్నే యంత్రాలు దిగాయి. ఊరు ఇటువైపే పెరుగుతుందని, కొత్త కాలనీకి నేల చదును చేయాలని నగరసంస్థ పంపిన యంత్రాలవి. అక్క వేసిన జొన్న మడులను సగానికి సగం నేలమట్టం చేశాయి. పక్క మొక్క పుప్పొడి అంటకూడదని ఒక్కో కంకికీ ఆమె తన చేత్తో తొడిగిన కాగితం సంచులు, కంకులతో సహా మట్టిలో కలిశాయి. కాండం తొలిచే పురుగును తట్టుకునే జొన్న కోసం పెళ్ళికి ముందునుంచీ చేస్తున్న పరిశోధన అది. నిండు నెలల్లో కూడా మడుల్లో వంగి కంకులు చూసుకున్న మనిషి ఆమె. మిగిలిన సగంలో గింజ ఇంకా పాలు పోసుకుంటోంది. ఇప్పుడు కోసినా విత్తనానికి పనికిరాదు.

చుట్టుపక్కల రైతులు చేతులు ముడుచుకు కూర్చోలేదు. వాళ్ళ పొలాలూ అదే వరసలో ఉన్నాయి మరి. యంత్రం నడిపేవాణ్ణి కాలు పట్టుకుని కిందికి లాగి, లేవలేనంతగా తన్నారు. యంత్రానికి నిప్పు పెట్టారు. జనం తన మీదికి తిరగడం చూసి సంస్థ ఆఫీసరుకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"నన్నెందుకు చంపుతారయ్యా? పటం గీసిన లెక్కల ప్రొఫెసరు మీ జొన్నల మేడం సొంత తమ్ముడే! పోయి ఆయన్నే అడగండి!" అని అరిచి, జీపెక్కి ఉడాయించాడు.

అక్క మడుల మీదికి యంత్రాలు వెళ్ళాయని తెలిసి ఆదరాబాదరా బయల్దేరిన తమ్ముడు సరిగ్గా అదే సమయానికి గేటు ముందు కారు దిగాడు. జనానికంటే ముందు బావ చేతికి చిక్కాడు. తల పగలడంతో సరిపోయింది. దానికే సంతోషించాలి.

మోటారాయన వంటగది గుమ్మంలోకి వచ్చాడు. గొట్టం ఇంకా చేతిలోనే ఉంది.

"ఈ ఇంట్లో తిని చదువుకున్నావు కదరా! తిన్న ఇంటికే ఎసరు పెట్టావు!"

తమ్ముడు నోట్లోంచి తువ్వాలు లాగేశాడు. "నాకు తెలీదు బావా. అది అక్క పొలమని నాకు తెలీదు."

"తెలీదా! ఈ గట్ల మీద తిరగలేదూ నువ్వు? మోకాలి లోతు బురదలో పురుగులు లెక్కపెట్టలేదూ?"

"నా పటంలో పేర్లుండవు బావా."

"పేర్లు లేని పటమేమిట్రా నీ మొహం!" మోటారాయన చెయ్యి మళ్ళీ లేచింది.

"నాన్నా, అది అక్కడ పారేసి మాట్లాడు," అంది కూతురు. "నేనొకటి కుట్టేలోపు నువ్వు ఇంకోటి తెచ్చిపెడితే నావల్ల కాదు."

ఆయన కూతుర్ని గుడ్లురిమి చూశాడు. అయినా గొట్టాన్ని గుమ్మం పక్కన విసిరికొట్టాడు. కూతురి మాటకు ఆ మాత్రం విలువ ఇంకా ఉంది.

తమ్ముడు ఆయాసపడుతూ చెప్పుకొచ్చాడు. ఏ నేల ఎవరిదో తెలిస్తే గీసేవాడి చెయ్యి వంకర పోతుందట. అందుకని పటంలోంచి పేర్లన్నీ చెరిపేస్తాడట. ఒక్కో నేల చెక్కకూ ఒక అంకె. ఊరు ఏ చెక్కలోంచి ఏ చెక్కలోకి పాకుతుందో, ముందు దేన్ని మింగుతుందో లెక్క కడతాడు. ఖాళీ నేలకు మొదటి వంతు, పంట నేలకు చివరి వంతు. ఆ పద్ధతంటే అతనికి చచ్చేంత గర్వం. గొప్పగొప్పవాళ్ళ నేలలు కూడా మొహమాటం లేకుండా ఆ లెక్కలో పోయాయని పేపర్లు అతన్ని ఆకాశానికెత్తాయి. చదివి అక్కే పొంగిపోయింది, ఇప్పుడనుకుని ఏం లాభం?

"పంట పొలాలు పోకూడదనే కదక్కా ఆ లెక్క!"

"మరి నాది పోయిందే! నా పొలం ఖాళీగా ఉందా? నేను ఎండలో మాడేది ఖాళీ నేలలోనా?"

బయట గేటు రేకు దడదడలాడింది. రాళ్ళు పడుతున్నాయి.

"లెక్కలవాణ్ణి బయటికి పంపండి! లేకపోతే ఇల్లు కాలుస్తాం!"

ఒక రాయి వంటగది కిటికీ అద్దం పగలగొట్టుకుని లోపలికొచ్చి గిన్నెలో పడింది. ఎర్రనీళ్ళు కూతురి మొహాన చిందాయి. ఆ పిల్ల భుజంతో తుడుచుకుని, దారం ముడివేసి, పళ్ళతో తెంపింది.

"ఆ పటమేదో తియ్యి," అంది అక్క. "నా కళ్ళతో నేను చూస్తాను."

"ఇప్పుడా? చావొచ్చి గేటు దగ్గర నించుంటే పటాలు చూస్తారా అక్కాతమ్ముళ్ళు?" అన్నాడు మోటారాయన.

అక్క వినిపించుకోలేదు. తమ్ముడి సంచిలోంచి కంప్యూటరు తనే తీసి అతని పొట్ట మీద పెట్టింది. అతను ఒంటి కన్నుతో చూస్తూ, రక్తం అంటిన వేళ్ళతో మీటలు నొక్కాడు. పటం వచ్చింది. నిండా గళ్ళు. కాలవ వంపు చూడగానే అక్కకు తన మడులెక్కడో తెలిసిపోయింది. తనవీ, పక్కవాళ్ళవీ, కాలవ పొడవునా ఉన్న పొలాలన్నీ పసుపు రంగులో ఉన్నాయి.

"పసుపంటే?"

"బీడు."

"ఎవడు చెప్పాడు బీడని?"

"ఆకాశం నుంచి తీసిన ఫొటోలు చూసి కంప్యూటరే తేలుస్తుంది. ఈ వైపు ఎప్పుడూ మబ్బులే కదక్కా. ఒక్క ఏడు మాత్రం ఫొటో అద్దంలా వచ్చింది. అదే తీసుకున్నాను."

"ఏ ఏడురా?"

తమ్ముడు చెప్పబోయాడు. నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. పటం వైపు చూశాడు, అక్క వైపు చూశాడు.

"మనం పురుగును మాడ్చిన ఏడు," అన్నాడు, తనకే వినబడనట్టు.

బయట రాళ్ళు ఇంకా పడుతూనే ఉన్నాయి.

ఆ ఏడు కాలవ పొడవునా ఒక్క మొక్క మొలవనివ్వలేదు. ఒక పంటకాలమంతా తిండి దొరక్కపోతే కాండం తొలిచే పురుగు దానంతటదే చస్తుందని అక్క ఆలోచన. ఒక్కడు జొన్న వేసినా పురుగంతా అక్కడ చేరి బతికిపోతుంది. అందరూ కలిసి మానుకోవాలి. రైతును పంట మానుకోమనడం మాటలా? మోటారాయన గడపగడపకూ తిరిగాడు. బతిమాలాడు, బెదిరించాడు, తన మోటార్లు ఊరికే బాగుచేసిపెడతానన్నాడు. చివరికి అందరిచేతా దున్నించి వదిలేయించాడు. మరుసటేడు గింజకు పురుగు పట్టలేదు. అక్కను అందరూ నెత్తిన పెట్టుకున్నారు.

అప్పటికింకా ఉద్యోగం సద్యోగం లేని తమ్ముడు ఆ ఖాళీ నేల గట్ల మీదే కూర్చుని, పురుగు అంచుల్లోంచి లోపలికి ఎలా పాకి వస్తుందో లెక్క కట్టాడు. ఒక గడిలోంచి పక్క గడిలోకి, కాలవ ఉన్నచోట ఇంకాస్త తొందరగా. తర్వాత ఒకనాడు ఊళ్ళు కూడా అలాగే పాకుతాయని, కాలవ బదులు రోడ్డు పెడితే చాలని అతనికి తట్టింది. అతన్ని ఇంతవాణ్ణి చేసిన లెక్క అదే. ఆ లెక్క పుట్టిన నేలనే, ఆ ఏటి ఖాళీనే, తెలియక ఊరికి మేతగా వేశాడు.

అక్క చెయ్యి లేచింది. తమ్ముడి చెంప ఛెళ్ళుమంది. కూతురు అప్పుడే వేసిన కుట్టు ఒకటి పుటుక్కున తెగి రక్తం కారింది.

"అమ్మా! నువ్వు కూడానా?"

అక్క తన అరచేతి వంక చూసుకుంది. వాడు ఏడ్చినా బాగుండేది, వాడు ఏడవలేదు. ఆ దెబ్బ తనకు పడాల్సిందని ఆమెకు తెలుసు. పొలాలు ఖాళీ పెట్టించింది తను. ఆ సంగతి వాడితో మళ్ళీ ఎప్పుడూ మాట్లాడనిది కూడా తను. వాడు పెద్దవాడై పోయాడని, అంత పెద్ద లెక్కల్లో తన జొన్నల ఊసెందుకని ఊరుకుంది.

"నేను ఒప్పుకుంటానక్కా," అన్నాడు తమ్ముడు, చెంప కూడా తడుముకోకుండా. "సంస్థవాళ్ళు ఎల్లుండి మీటింగుకు కూర్చుంటున్నారు. తప్పు ఏటి ఫొటో వాడానని నేనే నిలబడి చెబుతాను. గీసినవాడే తప్పంటే ఇంక పని సాగదు. మిగిలిన సగం దక్కుతుంది. వాళ్ళ పొలాలూ దక్కుతాయి."

"ఎల్లుండి నిలబడాలంటే ఇవాళ బతకాలి మామయ్యా," అంది కూతురు మళ్ళీ సూదిలోకి దారం ఎక్కిస్తూ.

మోటారాయన ఇంతసేపూ గోడకు ఆనుకుని వింటున్నాడు. ఇప్పుడు ముందుకొచ్చాడు.

"వాణ్ణి బయటికి పంపిద్దాం. నాలుగు తగిలించి వదిలేస్తారు."

"యంత్రం నడిపేవాణ్ణి నాలుగుతో వదిలేశారా?" అంది అక్క. "వాడు పోయాడో ఉన్నాడో ఇప్పటికీ తెలీదు."

"అయితే ఏమంటావు?"

"నేను వెళ్ళి ఉన్నమాట చెబుతాను. వాడొక్కడే కావాలని చేశాడనుకుంటున్నారు కాబట్టే వాడి ప్రాణం అడుగుతున్నారు. అసలు ఖాళీ పెట్టించింది మనమని..."

"నోర్ముయ్!"

ఆ కేకలో ఎప్పటి కోపం లేదు.

"ఇంటింటికీ తిరిగింది నువ్వా, నేనా? వాళ్ళ మొహాలు చూసి మాటిచ్చింది నేను! ఆ ఖాళీ వల్లే ఇదంతా అని బయటపడితే నన్ను ముక్కలు చేస్తారు. ఈ గది దాటడానికి వీల్లేదు. విన్నావా?"

అక్క ఆయన మొహం చూసింది. ఈ మనిషి లోపల ఇంత పిరికితనం ఉందని ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకు తెలియలేదు. కసితో కొట్టాడనే అనుకుంది ఇందాక. జనం తననేమైనా అంటారేమోనని, అందరికంటే ముందు తనే కొట్టి చూపించాడని ఇప్పుడు అర్థమైంది.

"మీరేం చెప్పక్కర్లేదు," అంది. "నా పక్కన నించోండి చాలు. అడిగితే ఔననండి."

ఆయన ఔననలేదు, కాదనలేదు. ఆమె చేతులు చీరకు తుడుచుకుని ముందుగదిలోకి నడిచింది. కాసేపటికి ఆయన చెప్పుల చప్పుడు వెనకనే వినిపించింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

తలుపు తీసేసరికి జనం గేటు దాటి మెట్లదాకా వచ్చేశారు. అందరికంటే ముందు కంచెబాబాయి ఉన్నాడు. ఆయన పొలం అక్క మడులను ఆనుకునే ఉంటుంది, మధ్య కంచె ఆయనదే. వరస లేకపోయినా బాబాయ్ అని పిలవడం ఆమెకు అలవాటు. ఆయన చొక్కా చేతులు కాలి ఉన్నాయి. మొహమంతా మసి.

"అమ్మాయ్, నువ్వు పక్కకు తప్పుకో. నీమీద మాకేం లేదు. వాణ్ణి ఇవ్వు."

"వాణ్ణి చంపితే మీ కసి తీరుతుంది బాబాయ్. పొలం మాత్రం రాదు."

"నీ ఉపన్యాసాలు వినే ఓపిక లేదే తల్లీ!"

"అయితే ఒక్క ముక్క వినండి. మీ నేల బీడని ఎవరో గిట్టక రాయలేదు. బీడుగా ఉన్నప్పుడు తీసిన ఫొటో అది. మనం పురుగు కోసం పంట మానుకున్నాం చూడండి, ఆ ఏటిది. మానుకోమన్నది నేను. మిమ్మల్ని ఒప్పించి దున్నించింది నేను. తప్పంటూ ఉంటే నాతోనే మొదలైంది."

జనంలో గుసగుసలు లేచాయి. వెనకనుంచి ఎవరో బూతు తిట్టారు. కంచెబాబాయి చెయ్యి ఎత్తి వాళ్ళను ఆపాడు.

"ఆ ఏడు నీ మాట నమ్మి పిల్లల కడుపులు మాడ్చాను," అన్నాడు. "మరుసటేడు పంట చూసి, నువ్వు చల్లగా ఉండాలని నోరారా అన్నాను. అది ఇందుకా?"

తిట్టినా ఆమెకు ఇంత బాధ ఉండేది కాదు.

"ఎల్లుండి వాడు సంస్థ ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటాడు బాబాయ్. వాడు చెబితేనే ఈ పని ఆగుతుంది. ఇంకెవరు చెప్పినా ఆగదు. అందాకా వాణ్ణి నాకు వదిలెయ్యండి. ఆ తర్వాత వాణ్ణేం చేస్తారో, నన్నేం చేస్తారో మీ ఇష్టం."

కంచెబాబాయి ఆలోచనలో పడ్డాడు. ఆయన వెనక ఒకడు ఎత్తిన కర్ర దించాడు. ఇంకొకడు చేతిలో రాయిని కింద పడేసి చెయ్యి దులుపుకున్నాడు. మాట తలకెక్కుతోంది.

"మరి మా ఇంటికొచ్చి మాటిచ్చింది నీ మొగుడు కదా?" అంది వెనకనుంచి ఒక ఆడగొంతు. "ఆయన్ని చెప్పమను. ఇదంతా నిజమేనా?"

అందరూ మోటారాయన వైపు తిరిగారు. అక్క కూడా తిరిగింది. ఔనంటే చాలు. ఆ ఒక్క మాటతో జనం వెనక్కి పోతారు.

మోటారాయన పెదవులు తడుపుకున్నాడు.

"నాకేం తెలీదు," అన్నాడు. "నన్ను చెప్పమంటే చెప్పాను. అక్కాతమ్ముళ్ళిద్దరూ కూడబలుక్కుని ఆడిన నాటకమిది. మీతోపాటు నేనూ మోసపోయాను!"

అని మెట్లు దిగి, పెళ్ళాం పక్కనుంచి జనంలోకి వెళ్ళి నిలబడ్డాడు.

అక్క ఆయన వైపు ఒక మెట్టు దిగింది. "ఏమండీ..." అంది. ఆయన తల ఎత్తలేదు.

మొదటి రాయి ఆమె భుజానికి తగిలింది. రెండోది నుదుటికి తగిలేదే. వెనకనుంచి కూతురు జుట్టు పట్టుకున్నంత పని చేసి లోపలికి లాగింది. తలుపు వేసి గడియ పెట్టింది. ఇద్దరూ కలిసి బల్లను తలుపుకు అడ్డంగా నెట్టారు. తమ్ముడు గోడ పట్టుకుని వంటగదిలోంచి వచ్చి తనూ ఒక భుజం వేశాడు.

కాసేపు తలుపు మీద దెబ్బలు పడ్డాయి. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయాయి.

"వీడే!" బయట అదే ఆడగొంతు. "నా పెనిమిటి కాళ్ళు పట్టుకున్నంత పని చేసి పంట మానిపించింది వీడే! ఇప్పుడేమో తెలీదంట! ఆవిడ ఒప్పుకుంది, వీడికేం రోగం?"

"పట్టుకోండ్రా వీణ్ణి!"

కింద పడిన చప్పుడు. తన్నుల చప్పుడు. ఆగండర్రా, చస్తాడర్రా అని కంచెబాబాయి అరవడం వినిపించింది. ఆ అరుపు ఎవరూ వినలేదు.

తలుపు కిందుగా, నేలకు దగ్గరగా, అరచేత్తో కొడుతున్నారెవరో.

"తలుపు తియ్యవే..." మోటారాయన గొంతు. "చంపేస్తున్నారే... అమ్మడూ, తలుపు తియ్యమ్మా..."

కూతురు రెండు చేతులతో చెవులు మూసుకుంది. వెంటనే చేతులు తీసేసి, అక్క మణికట్టు పట్టుకుంది. అక్క చెయ్యి అప్పటికే గడియ మీద ఉంది.

"తీస్తే అందరూ లోపలికొస్తారమ్మా," అంది కూతురు. ఏడుస్తోంది. "మామయ్యను బతకనివ్వరు."

"తియ్యకపోతే మీ నాన్న..."

"తెలుసు! నాకు తెలీదా? నువ్వు చెప్పు, ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు!"

ఇందాక మెట్ల మీద తనను వదిలేసి పోయిన మనిషి. పురిట్లో ప్రాణం మీదికొస్తే తనను చేతుల మీద ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తిన మనిషి. లోపల నెత్తురోడుతున్నది తను పెంచిన తమ్ముడు. ఎల్లుండి వాడు బతికి ఉంటేనే అందరి నేలా నిలుస్తుంది. అక్క చదివిన చదువుల్లో ఎక్కడా ఇది లేదు. చెయ్యి గడియ మీదే బిగుసుకుపోయింది.

తలుపు మీద అరచేతి చప్పుడు మెల్లమెల్లగా తగ్గుతోంది.

తమ్ముడు బల్లను పక్కకు నెట్టాడు. వాడిలో ఇంకా అంత బలం ఉందని ఎవరూ అనుకోలేదు. మేనకోడలి వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీశాడు. అక్క చేతిని గడియ మీంచి తీసి పక్కన పెట్టాడు.

"ఒరేయ్, వద్దురా!" అంది అక్క. వద్దంటోందో, తియ్యమంటోందో ఆమెకే తెలియదు.

"బావ చస్తాడక్కా," అన్నాడు తమ్ముడు, గడియ లాగుతూ.